1971 యుద్ధంలో చనిపోయిన మా చిన్నతాత గురించి సలహా కావాలి

అందరికీ నమస్కారం. మాది టెక్కలి దగ్గర పల్లె. మా తాతగారి తమ్ముడు మద్రాస్ రెజిమెంట్‌లో సిపాయి, 1971 డిసెంబరులో పశ్చిమ సరిహద్దులో చనిపోయారు. దెబ్బ తగిలిన జవానును ఒకరిని వెనక్కి చేర్చి, ఇంకొకరి కోసం మళ్ళీ వెళ్తే షెల్ పడిందట. అదే యూనిట్‌లో చేసిన బొబ్బిలి ఆయన అప్పట్లో ఇంటికొచ్చి చెప్పారు. కాగితాల్లో మాత్రం ఆ ముక్క ఎక్కడా లేదు.

మా దగ్గరున్నవి టెలిగ్రామ్, ఆ యుద్ధంలో పనిచేసినవాళ్ళకిచ్చిన సంగ్రామ్ మెడల్. టెలిగ్రామ్ మడత దగ్గర చిరిగి సర్వీస్ నంబరు సగం పోయింది. మెడల్ అంచు మీద నంబరు చెక్కి ఉంది గానీ, మా చిన్నమామ్మ ఏటా చింతపండు పెట్టి తోమేసరికి అదీ అరిగిపోయింది. ఆవిడనేమనగలం!

పేరూ ఊరూ రాసి పంపితే తమిళనాడు వెల్లింగ్టన్‌లోని మద్రాస్ రెజిమెంట్ రికార్డ్ ఆఫీసు వాళ్ళు నంబరు వెతికి ఇస్తారా? జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా వెళ్ళడం మేలా? ఢిల్లీలో 2019లో కట్టిన జాతీయ యుద్ధ స్మారకం గోడల మీద ఆయన పేరుందో లేదో కూడా చూడాలి.

ఇన్నేళ్ళకి వీరచక్ర అడగడం అత్యాశేనని నాకూ తెలుసు. కనీసం ఊరి బడికి ఆయన పేరు పెట్టించాలని ఉంది. పంచాయతీ తీర్మానం ఉంటే చాలా, కలెక్టర్ గారి దాకా వెళ్ళాలా? శ్రీకాకుళం, విజయనగరం వైపు ఇలా చేయించినవాళ్ళుంటే దరఖాస్తు ఎలా రాశారో చెప్పండి. చిన్నమామ్మకు ఎనభై దాటాయి, కాస్త తొందరగా కావాలి.