దర్వాజ అంటే తలుపు కాదా?

దివిసీమ ఆడపడుచు:
మాది దివిసీమ. పెళ్లయ్యాక హన్మకొండ వచ్చి 12 ఏళ్లయింది, అయినా ఇక్కడి మాటలు ఇంకా నన్ను బోల్తా కొట్టిస్తూనే ఉన్నాయి. ఇల్లు కట్టిస్తున్నాం. సింహద్వారానికి వడ్రంగిని అడిగితే "టేకు దర్వాజ, 7 బై 3న్నర" అని రేటు చెప్పాడు. పర్లేదు, చవకే అనుకుని అడ్వాన్సు ఇచ్చేశా. నిన్న ట్రాలీ ఆటోలోంచి దించితే నాలుగు కర్రల చట్రం! "తలుపేదన్నా?" అంటే "తలుపులు వేరేనమ్మా, మీరు దర్వాజనే అడిగిండ్రు" అన్నాడు. మా ఆయన పక్కకి తిరిగి నవ్వుతున్నాడు, అంటే ముందే తెలుసన్నమాట.

మేం దీన్ని ద్వారబంధం అంటాం. కింది కర్ర గడప, అది సరే. మిగతా వాటికి పేర్లేంటి? పైకర్రని మా అమ్మమ్మ ఏదో అనేది, నోటి చివరే ఉంది, రావట్లేదు.

వడ్లోళ్ల అబ్బాయి, జగిత్యాల:
అక్కా, మా నాయనది వడ్ల పని. మా దిక్కు దర్వాజ నిలబెట్టుడు అంటే చట్రం నిలబెట్టుడే, తలుపులు ఇల్లు పూర్తి కావొచ్చినంక ఎక్కుతయి. నిలువు కర్రలకు నాయన వేరే పేరు పెట్టంగ నేనైతే వినలే, "నిలువులు" అంటడు. కర్ర కొసన చెక్కేది కుసి, అది దూరేది బెజ్జం. తలుపు వచ్చి ఆనేటందుకు లోపలంచున తీసేది గాడి. గాడి లోతు తలుపు మందాన్ని బట్టి ఉంటది, అందుకే తలుపు మందం ఎంతో ఇప్పుడే తేల్చుకో.

ఇంకో మాట. లోపలి రూములకు ఈమధ్య గడప పెట్టిస్తలేరు. అట్లాంటి చట్రానికి కింద అడ్డంగ ఒక చెక్క కొట్టి పంపుతరు, కాళ్లు ఎడం కాకుండ. గోడ కట్టి గట్టిపడేదాక దాన్ని పీకనియ్యకు. మా సొంతింట్ల మేస్త్రి తొందరపడి పీకిండు, బెడ్రూం తలుపు ఇప్పటికీ సరిగ్గ పడదు.

ప్రొద్దుటూరు పెద్దాయన:
మీ గొడవ నయం. మా సీమలో వాకిలి అంటే తలుపే. మా కోడలిది ఏలూరు. కొత్తలో "వాకిలేసి రామ్మా" అంటే ముగ్గు పిండి తీసుకుని బయటికి పోయింది, పాపం రాత్రి తొమ్మిదప్పుడు! వాళ్లకి వాకిలంటే ఇంటి ముందు జాగా కదా.

హిందీలో దీన్ని చౌఖట్ అంటారు, నాలుగు కర్రలని అర్థం. గడప తీసేస్తే ఇక మూడే, మరేమనాలో! మా ఊరి పక్కనే కడప ఉంది, తిరుమలకి గడప అని ఆ పేరు వచ్చిందంటారు. ఊళ్లో ఇళ్లు లెక్కపెట్టినా ఇన్ని గడపలనే కదా చెప్పేది.

అమ్మా, మీ అమ్మమ్మ గారి మాట ఉత్తరాసి అయ్యుంటుందా?

దివిసీమ ఆడపడుచు:
అదేనండీ, ఉత్తరాసి! మా తాతయ్య ఆరడుగుల మనిషి, పాతింటి గుమ్మం పొట్టిది. ఆయన లోపలికి వస్తుంటే వంటింట్లోంచే "ఉత్తరాసి, ఉత్తరాసి" అని అరిచేది. చిన్నప్పుడు అది తాతయ్య ముద్దుపేరనుకునేదాన్ని.

తమ్ముడూ, తలుపు మందం అంగుళంన్నర అని వడ్రంగికి ఫోన్ చేసి చెప్పేశా. ఈసారి కాయితం మీద "తలుపు రెక్కలు, బందులు, గొళ్లెంతో సహా" అని రాయించి సంతకం తీసుకున్నా. గురువారం దర్వాజ నిలబెడుతున్నాం. చూశారా, నేనూ దర్వాజే అనేశా.