కౌన్సిల్ సమావేశంలో మామూలు మనిషి లేచి మాట్లాడొచ్చా?

పాయకాపురం కండక్టర్:

అందరికీ నమస్కారం. నాది విజయవాడ, పాయకాపురం. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాను. ఎవర్ని అడగాలో తెలియక ఇక్కడ రాస్తున్నాను.

మా వీధికి మళ్ళీ సిమెంటు రోడ్డు పడుతుందని చెప్పుకుంటున్నారు. సంతోషమే. కాకపోతే ఇప్పుడున్న రోడ్డే మా గడప కన్నా జానెడు ఎత్తు. ఇల్లు కట్టిన కొత్తలో మూడు మెట్లెక్కి వరండాలోకి వెళ్ళేవాళ్ళం. రోడ్డు పడ్డప్పుడల్లా ఒక మెట్టు భూమిలోకి పోయింది. ఇప్పుడు రోడ్డు మీంచి ఇంట్లోకి దిగుతున్నాం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు నీళ్ళు స్టవ్వు గట్టు దాకా వచ్చాయి. ఆ గీత ఇంకా గోడ మీదే ఉంది, రెండుసార్లు సున్నం కొట్టినా పైకి తేలుతోంది. సరే, అది పెద్ద వరద, దాన్ని పక్కన పెట్టండి. గంటసేపు గట్టిగా వాన పడితే చాలు, మా ఆవిడ చీపురు, నేను గోనెసంచి పట్టుకుని గుమ్మంలో నిలబడాల్సిందే. పాత రోడ్డు తవ్వి తీసేసి, అదే ఎత్తులో కొత్తది పోయండి బాబూ అని ఒక్క మాట చెప్పాలి నేను. అంతే.

కార్పొరేషన్ సర్వసభ్య సమావేశానికి వెళ్ళి, నా వంతు వచ్చినప్పుడు లేచి, ఈ మాట చెప్పొచ్చా? మా మేనకోడలు కాలిఫోర్నియాలో ఉంటుంది. వాళ్ళ ఊరి కౌన్సిల్లో ఎవరైనా మైకు దగ్గరికి వెళ్ళి మూడు నిమిషాలు మాట్లాడొచ్చట. వీడియో కూడా చూపించింది. ఒక పెద్దాయన నిక్కరు వేసుకొచ్చి వీధి దీపాల గురించి మేయరుని నిలదీస్తున్నాడు, ఆ మేయరేమో తలూపుతూ వింటున్నాడు. నాకైతే ముచ్చటేసింది. వాక్ స్వాతంత్ర్యం మన రాజ్యాంగంలోనూ ఉంది కదా? ముప్ఫై ఏళ్ళు బస్సులో అరిచిన గొంతు నాది, మైకు ఇవ్వకపోయినా సర్దుకుంటాను.

కృష్ణలంక ప్లీడర్:

కండక్టరు గారూ, ఉన్నమాట చెప్తాను, నొచ్చుకోవద్దు. కౌన్సిల్లో మాట్లాడేది కార్పొరేటర్లు, కో-ఆప్షన్ సభ్యులు, ఎక్స్ అఫీషియో హోదాలో, అంటే పదవి రీత్యా వచ్చే ఎమ్మెల్యేలు, ఎంపీలు. జవాబులు చెప్పడానికి అధికారులు ఉంటారు. మనకి అందులో వంతంటూ లేదు.

మీరన్న వాక్ స్వాతంత్ర్యం రాజ్యాంగం 19(1)(ఎ) అధికరణంలో ఉంది, కాదనను. దాని బలంతో మీరు రోడ్డు గురించి పేపరుకి రాయొచ్చు, ఫేస్‌బుక్కులో దులిపేయొచ్చు, నలుగుర్ని పోగేసి మీటింగు పెట్టొచ్చు. 19(2)లో చెప్పిన హద్దులు దాటనంత వరకు మిమ్మల్ని ఎవరూ ఆపకూడదు. కానీ సభ జరుగుతుంటే మధ్యలో మీకు మైకు అందించమని ఆ అధికరణం ఎవరికీ చెప్పదు.

తమాషా ఏంటంటే, మీరు పల్లెటూళ్ళో ఉండి ఉంటే ఈ ప్రశ్నే వచ్చేది కాదు. 1994 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం ఊరి ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతివాళ్ళూ గ్రామసభ సభ్యులే. పట్నానికి కాపురం మార్చగానే ఆ కుర్చీ పోయింది. దానికి బదులుగానే రాజ్యాంగ 74వ సవరణ మూడు లక్షలు, ఆపైన జనాభా ఉన్న పట్టణాల్లో వార్డు కమిటీలు ఉండాలంది. 243ఎస్ అధికరణం చూడండి, 1993 జూన్ 1 నుంచి అమల్లో ఉంది. బెజవాడ జనాభా 2011 లెక్కలకే పది లక్షలు దాటింది. 64 డివిజన్లకి పంచితే, పిల్లాజెల్లా కలిపి పదహారు వేల మందికి ఒక కార్పొరేటరు. పదహారు వేల గొంతులు ఒక్క నోట్లోంచి రావాలన్నమాట.

ఇంకోటి. సమాచార హక్కు చట్టం 4(1)(బి) ఒకసారి చదవండి. తమ కౌన్సిళ్ళు, కమిటీల సమావేశాలకి జనం రావచ్చా, అక్కడ ఏం జరిగిందో రాసే మినిట్స్ జనం చూడొచ్చా అన్నది ప్రతి ప్రభుత్వ సంస్థా ఎవరూ అడక్కుండానే ప్రకటించాలని అందులో ఉంది. కనపడకపోతే పది రూపాయల ఫీజు కట్టి అడగండి, ముప్ఫై రోజుల్లో జవాబు రావాలి.

పాయకాపురం కండక్టర్:

అంటే బస్సెక్కి కూర్చోవచ్చేమో గానీ బెల్లు మాత్రం కొట్టకూడదు. అర్థమైంది సార్.

బ్రాడీపేట నాలుగో లైను:

వెళ్దామంటే ముందు కౌన్సిలంటూ ఉండాలి కదండీ. మా గుంటూరులో 2010లో పాలకవర్గం గడువు తీరిపోతే మళ్ళీ ఎన్నికలు 2021 మార్చిలో. మధ్యలో పదేళ్ళకు పైగా ప్రత్యేకాధికారి పాలన. మాట్లాడనివ్వమని అడగడానికి అసలు సభంటూ ఉంటే కదా!

ఇకపోతే, జనానికి మైకు ఇవ్వడం నాకు ఇష్టం లేదు. తిట్టుకోండి, పర్లేదు. ఇక్కడ ఇస్తే వచ్చేది మీలాంటి కండక్టర్లు కాదు, రెండు ఆటోల్లో దిగే పార్టీ కుర్రాళ్ళు. ఈ పక్క జిందాబాద్, ఆ పక్క డౌన్ డౌన్. మీ గడప సంగతి వచ్చేసరికి టిఫిన్ల టైమవుతుంది.

ఫ్రీమాంట్ తెలుగమ్మాయి:

కండక్టర్ గారి మేనకోడల్ని నేను కాదు, కానీ ఉండేది కాలిఫోర్నియాలోనే కాబట్టి చెప్తున్నాను. ఇక్కడ ఇది కౌన్సిల్ దయాదాక్షిణ్యం కాదు, చట్టం. 1953 నాటి బ్రౌన్ యాక్ట్. మామూలు సమావేశానికి 72 గంటల ముందు అజెండా అందరికీ కనపడేలా పెట్టాలి, జనానికి మాట్లాడే సమయం ఇవ్వాలి. పేరు చెబితేనే లోపలికి రానిస్తామని అనకూడదు. తమ విధానాల్ని విమర్శిస్తున్నారని నోరు మూయించకూడదు. సమయం మాత్రం కొలిచి ఇస్తారు. జనం ఎక్కువుంటే మూడు నిమిషాలు కాస్తా ఒక్క నిమిషం అవుతుంది. సభని సాగనివ్వకుండా గొడవ చేస్తే బయటికి పంపిస్తారు. నాలుగో లైను గారి ఆటో కుర్రాళ్ళు ఇక్కడా ఉన్నారు, కార్లలో వస్తారు అంతే.

ఆ మేయరు తలూపడం వెనక ఒక కిటుకుంది. అజెండాలో లేని విషయం మీద వాళ్ళు అక్కడికక్కడ చర్చించకూడదు. అడిగినదానికి ఒక ముక్క చెప్పొచ్చు, సిబ్బందిని చూడమనొచ్చు, అంతకుమించి లేదు. నేనొకసారి పార్కులో మంచినీళ్ళ కుళాయి గురించి రెండు నిమిషాలు మాట్లాడాను. ముందురోజు రాత్రంతా అద్దం ముందు ప్రాక్టీసు. "థాంక్యూ, నెక్స్ట్" అన్నారు. అలాగని మీరు చెప్పకండి అనను. నా మాటలు రికార్డులో ఉన్నాయి, కుళాయి మాత్రం ఇంకా అలాగే ఉంది.

కృష్ణలంక ప్లీడర్:

నాలుగో లైను గారూ, మన దేశంలో జనానికి మైకు అసలే ఇవ్వడం లేదనుకోకండి. పెద్ద ఫ్యాక్టరీకో గనికో పర్యావరణ అనుమతి కావాలంటే ప్రజాభిప్రాయ సేకరణ పెడతారు. 2006 నోటిఫికేషన్ ప్రకారం ముప్ఫై రోజుల గడువుతో ముందే నోటీసు ఇవ్వాలి, సభ మొత్తం వీడియో తీయాలి, చివర్లో ఎవరేమన్నారో స్థానిక భాషలో చదివి వినిపించాలి. వాటిలోనూ అరుపులుంటాయి. అయినా ఎవరో ఒక రైతు లేచి బోరు నీళ్ళ సంగతి చెప్తే అది కాగితం మీదకి ఎక్కుతుంది. గనికి పనికొచ్చిన పద్ధతి రోడ్డుకి ఎందుకు పనికిరాదో నాకు తెలీదు.

సింగ్‌నగర్ సుజాత:

అన్నయ్యగారూ, చర్చ బాగుంది గానీ ఈలోపు మీ వీధిలో కంకర దించేస్తారు! నేను చెప్పేది వినండి. ముందు టేపు తీసుకుని గడప నుంచి రోడ్డు ఎంత ఎత్తుందో ఇంటింటికీ కొలవండి, ఫొటోలు తీయించండి. వార్డు సచివాలయంలో రోడ్లు, నీళ్ళ లాంటి సౌకర్యాలు చూసే ఎమెనిటీస్ సెక్రటరీ ఉంటారు, వాళ్ళని తీసుకొచ్చి చూపించండి. ఎస్టిమేట్లో పాత రోడ్డు తవ్వే పని ఉందో లేదో అడగండి. అసలు కీలకం అదే, అందులో లేకపోతే తర్వాత మేస్త్రీని బతిమాలి లాభం లేదు. సోమవారం పీజీఆర్‌ఎస్‌లో, అదే ప్రజల ఫిర్యాదులు తీసుకునే కార్యక్రమంలో, అర్జీ పెట్టి నంబరు తీసుకోండి. ఆ నంబరు వేసి కార్పొరేటరుకి ఒక కాగితం ఇవ్వండి, కౌన్సిల్లో ప్రశ్నగా వేయమనండి. వీధిలో ఆడవాళ్ళందరి సంతకాలూ పెట్టించండి. చీపురు పట్టేది వాళ్ళే కదా.

పాయకాపురం కండక్టర్:

నాలుగు రోజులు ఇటు రాలేకపోయాను, క్షమించాలి. సుజాతమ్మా, నువ్వు చెప్పినట్టే చేశాం. ఆరిళ్ళు కొలిచాం. మాది తొమ్మిది అంగుళాలు, చివరింటివాళ్ళది అడుగు మీద రెండు. సచివాలయం నుంచి వచ్చిన అమ్మాయి అంతా రాసుకుని, "మూడు మెట్లుండేవంటున్నారు, ఏవండీ?" అంది. నాకు మాట రాలేదు. మా అబ్బాయి గునపం తెచ్చి గుమ్మం పక్కన తవ్వాడు. జానెడు లోతులో పై మెట్టు అంచు తగిలింది. నల్లరాయి, దాని మీద మా ఆవిడ గృహప్రవేశానికి వేయించిన పద్మం ముగ్గు చెక్కుడు ఇంకా ఉంది. ఆ అమ్మాయి వంగి ఫొటో తీసుకుంది. ఎస్టిమేట్ సంగతి కనుక్కుని చెప్తానంది. అర్జీ పెట్టాను, నంబరు ఇచ్చారు.

ప్లీడరు గారూ, కార్పొరేటరుకి ఇవ్వాల్సిన కాగితం రాయడం మొదలుపెడితే నాలుగు పేజీలయింది. మా ఇంటి చరిత్రంతా వచ్చేసింది. ఎంత ఉండాలి?

కృష్ణలంక ప్లీడర్:

ఐదు లైన్లు. కొలతలు, అర్జీ నంబరు, పద్మం ఫొటో. మిగతా మూడున్నర పేజీలు ఇక్కడ పెట్టండి, మేం చదువుతాం.