కడుపులోనే పోయిన బిడ్డ పాదముద్రలు: లేబర్ రూమ్‌లో ఏమేం ఉంచుకోవాలి?

వార్డు_సిస్టర్
మాది చిన్న ప్రసూతి ఆసుపత్రి. ఇలాంటి కేసుల్లో బిడ్డ మా దగ్గరుండేది గంటో రెండు గంటలో. తర్వాత పెద్దవాళ్లు తీసుకెళ్లి పూడ్చేస్తారు. తల్లికి ఇవ్వడానికి పాదముద్రలు తీద్దామంటే స్టాంప్ ప్యాడ్ ఇంకుతో నల్లటి మచ్చలా వస్తోంది, వేళ్లు పడట్లేదు. చర్మం ఊడుతున్న బిడ్డకు అసలు తీయొచ్చా?

నీలాంబరి
ఇంకు ఎక్కువైతేనే మచ్చవుతుందండీ. పాదాన్ని ప్యాడ్ మీద నొక్కకండి. మేకప్ స్పాంజికి ఇంకు అద్ది, చిత్తుకాగితం మీద రెండుసార్లు తట్టి, మిగిలిన తడిని పాదానికి పట్టించండి. అంతకుముందే పాదం మీది తెల్లటి జిగురును తడి దూదితో తీసి, మెత్తటి గుడ్డతో అద్ది ఆరనివ్వాలి. రుద్దొద్దు.

పాదాన్ని కాగితం మీదికి తేవడం కాదు, కాగితమే పాదం దగ్గరికి వెళ్లాలి. మందపాటి కాగితాన్ని చిన్న అట్టకు క్లిప్పు పెట్టి, మడమకు ఆనించి, వేళ్ల వైపు ఒక్కసారి దొర్లించి తీసేయండి. మొదటిది ముద్దగానే వస్తుంది. మళ్లీ ఇంకు అద్దకుండా తీసిన రెండోదీ మూడోదీ బాగుంటాయి.

పొక్కులు కట్టి చర్మం ఊడుతుంటే ఇంకు ముద్ర, ప్లాస్టర్ అచ్చు రెండూ వద్దు. పాదం పక్కన స్కేలు పెట్టి నిటారుగా పైనుంచి ఫోటో తీయండి, తర్వాత అసలు కొలతకే ప్రింటు వేయించుకోవచ్చు. 20 వారాల బిడ్డ పాదం సుమారు 3 సెంటీమీటర్లే, స్కేలు లేకపోతే ఆ చిన్నతనం ఫోటోలో తెలియదు.

తెల్లకాగితం
ఫోటోలు ముందు, ముద్రలు తర్వాత. పెదవులు నల్లబడటం, చర్మం రంగు మారడం గంటగంటకూ పెరుగుతుంది. ఫ్లాష్ వద్దు, కిటికీ వెలుతురు చాలు. బ్లాక్ అండ్ వైట్ కాపీ కూడా ఇవ్వండి, రంగు తేడాలు అంతగా కనబడవు. ముఖం చూడలేని వాళ్లు కూడా తల్లి వేలి మీద బిడ్డ చెయ్యి ఆనిన ఫోటో దాచుకుంటారు.

చర్మం గట్టిగా ఉంటే అచ్చు తీయొచ్చు. దంతవైద్యుల సామాను అమ్మే షాపులో ఆల్జినేట్ (పళ్ల అచ్చు తీయడానికి నీళ్లలో కలిపే) పొడి దొరుకుతుంది. ప్యాకెట్టు మీది కొలతే పాటించండి. నీళ్లు వేడిగా ఉంటే కలుపుతుండగానే గట్టిపడుతుంది, వేసవిలో చల్లటివే వాడాలి. చిన్న కప్పులో పోసి పాదం ముంచి, గట్టిపడేదాకా కదలకుండా పట్టుకోండి. పాదాన్ని లాగకుండా, చుట్టూ ఉన్నదాన్ని వదులు చేసి తీయాలి.

ఆ గుంటలో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ వెంటనే పోసేయండి. ఆలస్యమైతే ఆల్జినేట్ ఆరి కుంచించుకుపోయి కొలత మారుతుంది. కొంచెంకొంచెంగా పోస్తూ కప్పును బల్లకు తట్టకపోతే, వేళ్ల కొసల్లో గాలి బుడగలు నిలిచి వేళ్లు తెగినట్టు వస్తాయి. ప్లాస్టర్‌ను నేరుగా చర్మం మీద ఎప్పుడూ పోయకూడదు, గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది.

జుట్టు అయితే మెడ వెనక నుంచి, దారంతో ముడివేశాకే కత్తిరించండి. ప్లాస్టిక్‌లో కాదు, కాగితపు కవరులో పెట్టాలి.

వార్డు_సిస్టర్
థాంక్సండీ. "బాలింతకి చూపించొద్దు, ఇవి ఇంట్లో ఉంచకూడదు" అని పెద్దవాళ్లు పట్టుబడితే? స్కాన్ కాగితాలు లామినేషన్ చేసి ఇవ్వొచ్చా?

రికార్డుల_గది
లామినేషన్ అస్సలొద్దు. అది వేడికి నల్లబడే థర్మల్ కాగితం, మెషీన్‌లోంచి నల్లగా బయటికొస్తుంది. గుండె చప్పుడు గీసిన ఎన్‌ఎస్‌టి పట్టీ కూడా చాలాచోట్ల అలాంటిదే. శానిటైజర్ తగిలినా పాడవుతుంది. డిశ్చార్జికి ముందే 600 డీపీఐలో స్కాన్ చేసి పెన్‌డ్రైవ్‌లో ఇవ్వండి.

పెద్దవాళ్ల సంగతి: అనుమతి తల్లిది, ఆమె మత్తులో ఉంటే తండ్రిది. ఈరోజు వద్దన్న తల్లి ఆరునెలలకు అడగవచ్చు. అందుకే తీసి ఉంచడానికి తల్లిదండ్రులు ఒప్పుకుంటే అన్నీ తీసి, కవరుకు సీలు వేసి, తల్లి ఐపీ (ఇన్‌పేషెంట్) నంబరు రాసి ఆసుపత్రిలోనే ఉంచండి. ఎక్కడుందో ఆమెకు చీటీ రాసివ్వండి, లేదా ఆమె నమ్మే పిన్నికో అక్కకో అప్పగించండి. బిడ్డను చుట్టిన గుడ్డ వాసన కోసం కొందరు ఉతకొద్దంటారు. నీడన పూర్తిగా ఆరాకే జిప్ కవరులో పెట్టాలి, తడి ఉంటే బూజు పడుతుంది. కలరా ఉండలు వేస్తే ఆ వాసనొక్కటే మిగులుతుంది.

రిజిస్ట్రేషన్ మర్చిపోవద్దు. 28 వారాలు నిండి కడుపులోనే పోతే మృతశిశు జననంగా 21 రోజుల్లో నమోదు చేయాలి. పుట్టి ఒక్క ఊపిరి తీసుకున్నా జననం, మరణం రెండూ విడివిడిగా నమోదవుతాయి, అప్పుడు జనన ధ్రువపత్రం వస్తుంది. అందులో పేరు 12 నెలల్లోపు రుసుము లేకుండా, ఆ తర్వాత ఆలస్య రుసుముతో 15 ఏళ్ల దాకా చేర్పించుకోవచ్చు.