సిస్వాతి పద్యంలో లయ ఎక్కడుంది?

అందరికీ నమస్కారం. దక్షిణాఫ్రికా పక్కనున్న చిన్న దేశం ఎస్వాతీనిలో (పాత పేరు స్వాజిలాండ్) ఉద్యోగం చేస్తున్నాను, ఇక్కడి భాష సిస్వాతి కొద్దికొద్దిగా వంటబడుతోంది. ఇక్కడి స్తుతి పద్యాలను తిబొంగో అంటారు. వాటిని తెలుగులోకి తెద్దామని కూర్చుని ఇరుక్కుపోయాను.

మామూలు మాటే చూడండి: 'బంత్ఫు బమి బోంఖే బయహంబ', అంటే 'నా వాళ్లంతా వెళ్తున్నారు'. నాలుగు మాటలూ 'బ'కారంతోనే మొదలు! ఇది ఎవరో ఏరుకున్న అనుప్రాస కాదు, బహువచన నామానికి తగ్గట్టు వ్యాకరణమే తెచ్చిపెడుతుంది. మరి పద్యంలో కవి కావాలని చేసిన పునరుక్తిని విడిగా పట్టుకోవడం ఎలా? పైగా వాక్యం చివర 'బయహా...ంబ' అని, ఆఖరు అక్షరానికి ముందుదాన్ని సాగదీస్తారు. గురులఘువులు వేసి చూశాను (నవ్వకండి), ఏ గణమూ కుదరలేదు.

సిస్వాతి లాంటి బంటూ కుటుంబ భాషల కవిత్వం తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారా? అనువాదంలో ఆ 'బ' మోతను ఉంచాలా, వదిలేయాలా?