మెగథీరియం బొమ్మ: పాత రాగిరేకు ముద్రణ అవునో కాదో ఎలా చూడాలి?

గోదారిగట్టు:
లండన్‌లో ఒక పాత పుస్తకాల షాపులో మెగథీరియం (ఎప్పుడో అంతరించిపోయిన భారీ జంతువు) అస్థిపంజరం బొమ్మ నచ్చింది. నాలుగు కాళ్ల మీద నిలబడి ఉంది. కాగితం బాగా పచ్చబడింది. 1800ల మొదట్లో అచ్చయిందంటున్నారు. ఈమధ్య వేసిన కాపీ అయితే ఎలా తెలుస్తుంది? కొనేముందు ఏం చూడాలి?

పాత ప్రెస్సు:
కాగితం రంగు చూసి నమ్మకండి, టీ డికాషన్‌తో కూడా పచ్చబడుతుంది. భూతద్దం తీసుకెళ్లండి. బొమ్మంతా సన్న చుక్కలుగా కనిపిస్తే అది ఫొటో నుంచి వేసిన కాపీ. ఉలితో రాగి మీద చెక్కిన గీత సన్నగా మొదలై, మధ్యలో లావెక్కి, మళ్లీ సన్నబడుతుంది. పక్కటెముకల నీడ దగ్గర ఇది బాగా కనిపిస్తుంది. తర్వాత కాగితాన్ని వెలుతురుకి ఏటవాలుగా పట్టుకోండి. బొమ్మ చుట్టూ రేకు అంచు నొక్కుకున్న గుంట ఉండాలి. అంచులు కత్తిరించేస్తే ఆ గుంట పోతుంది, కాబట్టి లేనంత మాత్రాన కొట్టిపారేయకండి.

ఈ బొమ్మంటే నాకు ప్రాణం. ఎముకలు 1787లో అర్జెంటీనాలో లుహాన్ నది ఒడ్డున దొరికాయి. ఏడాది తిరిగాక, 1788లో మాడ్రిడ్ చేరాయి. అక్కడి రాజుగారి మ్యూజియంలో చిత్రకారుడు హువాన్ బౌతిస్తా బ్రూ వాటిని నిలబెట్టి బొమ్మలు గీశాడు. పారిస్‌లో జంతుశాస్త్రవేత్త కువియే అసలు ఎముకలు చూడనేలేదు. ఆ బొమ్మల అచ్చులు చూసే, ఇది స్లాత్ (చెట్లకు వేలాడుతూ మెల్లగా కదిలే జంతువు) జాతికి దగ్గరిదని తేల్చి 1796లో పేరు పెట్టాడు. పళ్లు, గోళ్లు అంత శ్రద్ధగా గీయకపోతే ఆ పని జరిగేదా? పేరు మాత్రం అందరూ కువియేదే చెబుతారు. నాకైతే బ్రూ పేరు ముందు చెప్పాలనిపిస్తుంది.

శిలాజప్రియ:
ఇంకోటి. రాతి పలక మీద గీసి అచ్చువేసే రాతి ముద్రణకి రేకు గుంట ఉండదు. శిలాజాలు వెలికితీసిన బ్రిటిష్ వాళ్లు ఫాల్కనర్, కాట్లీ 1840ల్లో వేసిన మన శివాలిక్ కొండల శిలాజ ఏనుగు జాతుల బొమ్మలు అలాంటివే. అవీ అసలువే.

గోదారిగట్టు:
థాంక్సండీ. పైమూలలో ప్లేటు నంబరు, నిలువునా రెండు మడతలు ఉన్నాయి.

పాత ప్రెస్సు:
అయితే పుస్తకంలోంచి తీసిన పేజీ కావచ్చు, పెద్ద బొమ్మల్ని మడిచి కుట్టేవాళ్లు. కువియే కూడా బ్రూ బొమ్మల్ని తన పుస్తకాల్లో మళ్లీ వేశాడు. అక్షరాలు స్పానిష్‌లో ఉన్నాయా, ఫ్రెంచిలోనా? అది చూసి చెప్పండి. ఫ్రేము కట్టి ఉంటే విప్పి చూపించమని అడగండి.