చార్టర్ స్కూలా, మామూలు పబ్లిక్ స్కూలా?

హ్యూస్టన్ అమ్మ:
మా బాబుకి వచ్చే ఏడు ఆరో క్లాసు. చార్టర్ స్కూలు లాటరీలో పేరొచ్చింది. అదీ పబ్లిక్ స్కూల్లాగే ప్రభుత్వ డబ్బుతో నడిచేదే, కాకపోతే నడిపేది వేరే సంస్థ. ఫీజు లేదు. "పక్కనున్న పబ్లిక్ స్కూలు కంటే స్కోర్లు ఎంత పైనున్నాయో చూడు" అంటున్నారు మావారు. ఆ గొప్పతనం స్కూలుదా, అందులో చేరే పిల్లలదా?

లెక్కల మాస్టారు:
అసలు ప్రశ్న అదేనండీ. లాటరీకి దరఖాస్తు పెట్టే ఓపిక ఉన్న ఇంట్లో చదువు గొడవ ముందే మొదలై ఉంటుంది. ఉత్త స్కోర్లు పక్కపక్కన పెడితే ఏమీ తేలదు. స్టాన్‌ఫర్డ్‌లోని క్రెడో సంస్థ ఒకేలాంటి పిల్లల్ని జతపరిచి పోల్చింది. 2009లో లెక్కల్లో 17 శాతం చార్టర్లే మెరుగు, 37 శాతం వెనకబడ్డాయి. 2023కి చార్టర్ పిల్లలు సగటున రీడింగ్‌లో 16 రోజుల చదువంత, లెక్కల్లో 6 రోజుల చదువంత ముందున్నారు. 180 రోజుల బడిలో ఆరు రోజులు! మన దసరా సెలవులు అంతకంటే ఎక్కువ.

బోస్టన్ నాన్న:
సగటు చూపించి కొట్టిపారేస్తే ఎలా మాస్టారూ? బోస్టన్‌లో లాటరీ తగిలినవాళ్లనీ, తగలనివాళ్లనీ పోల్చారు. ఇద్దరూ దరఖాస్తు పెట్టినవాళ్లే, ఇంటి శ్రద్ధలో తేడా లేదు. అయినా సీటు దొరికిన పిల్లలు లెక్కల్లో బాగా ముందుకెళ్లారు. ఇంత తెలిసీ 2016లో మసాచుసెట్స్ ఓటర్లు చార్టర్ల సంఖ్య పెంచొద్దన్నారు. నాకైతే ఇప్పటికీ మింగుడుపడదు.

లెక్కల మాస్టారు:
బోస్టన్ ఫలితం ఒప్పుకుంటా. కానీ సీట్ల కంటే దరఖాస్తులు ఎక్కువైతేనే లాటరీ. అంటే జనం ఎగబడే స్కూళ్లే ఆ లెక్కలోకి వచ్చాయి. ఆన్‌లైన్ చార్టర్లు చూడండి, క్రెడో 2023 లెక్క ప్రకారమే గణితంలో 124 రోజులు వెనక.

ఇంకోటి, మధ్యలో మానేసినవాళ్ల సీట్లు కొన్ని చార్టర్లు పై తరగతుల్లో నింపవు. మా పబ్లిక్ స్కూల్లో పిల్లలు ఎప్పుడొచ్చినా చేర్చుకోవాలి. నిరుడు మార్చిలో ఇంగ్లీషు ముక్క రాని పిల్లాడొచ్చాడు. భిన్నాలు చెప్పడానికి నా లంచ్ డబ్బాలోని చపాతీ నాలుగు ముక్కలు చేసి చూపించా. వాడికి అర్థమైంది. ఆ పదిహేను నిమిషాలూ మిగతా క్లాసంతా ఆగింది.

హ్యూస్టన్ అమ్మ:
ఇందాకే ఆ స్కూలుకి ఫోన్ చేశా. ఖాళీలుంటే వెయిట్‌లిస్ట్ నుంచి నింపుతామన్నారు. ఆరులో చేరినవాళ్లలో ఎనిమిది దాకా ఎంతమంది ఉంటున్నారని అడిగితే మాత్రం మెయిల్ పెట్టమన్నారు. పెట్టా. సీటు ఖాయం చేయడానికి శుక్రవారం దాకా గడువుంది.