గుడి పక్కన అవ్వ మిద్దె కారుతోంది, బాగు చేయించుకోవచ్చా?

పెన్నగట్టు:
మాది తాడిపత్రి. చింతల వెంకటరమణస్వామి గుడి ప్రహరీ నుంచి మా అవ్వ గడపకు టేపు పట్టి కొలిస్తే 64 మీటర్లు వచ్చింది. రాతి గోడలు, పైన మట్టి కప్పు ఉన్న మిద్దె, మా తాత చిన్నప్పటిది. పోయిన వానలకు నడిమింట్లో మూడు చోట్ల కారింది. అవ్వ కారేచోటల్లా గిన్నెలు పెట్టి, మధ్యలో మంచం వేసుకుని పడుకుంటోంది. స్లాబు వేద్దామనుకుంటే ఒక బ్రోకరు వచ్చి, "పురావస్తు శాఖ హద్దు ఇది, సున్నం కొట్టినా కేసే. ఎప్పుడైనా ఇల్లు తీసేసుకుంటారు, వచ్చిన ధరకు అమ్మేయండి" అన్నాడు. అప్పటి నుంచి అవ్వకు నిద్ర లేదు, నాకు టెన్షన్. నిజంగా ఇల్లు పోతుందా?

సిద్ధవటం చిన్నోడు:
అన్నా, ముందు ఆ బ్రోకరుకు టీ తాపి పంపించు. మా చిన్నాయన ఇల్లు కోట దగ్గరే, మాదీ ఇదే కథ. పాత కట్టడాలను కాపాడే చట్టం 1958ది, 2010లో గట్టిగా సవరించారు. కేంద్రం కాపాడే కట్టడం హద్దు నుంచి 100 మీటర్లు నిషిద్ధం, ఆపైన ఇంకో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. హద్దులో పడినంత మాత్రాన ఇల్లు గవర్నమెంటుది అయిపోదు. 100 మీటర్ల లోపల కొత్తగా కట్టకూడదు, అంతే. 1992 జూన్ 16కు ముందు నుంచే ఉన్న ఇల్లయితే రిపేరుకు అనుమతి అడగొచ్చు. అడక్కుండా పని మొదలుపెడితేనే తంటా. నిషిద్ధంలో కడితే రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా, రెండూ పడినా పడొచ్చు.

మేం పాత పన్ను రసీదులు, కరెంటు బిల్లు, ఫొటోలు జత చేశాం. చిన్నాయన 1987 రసీదును బియ్యం డబ్బాలో దాచిపెట్టినాడు, అదే కాపాడింది! ఇంకోటి, కొలత గోపురం నుంచి కాదు, రక్షిత హద్దు నుంచి. ప్రహరీయే హద్దో కాదో మ్యాపులో చూసుకో. వానలొచ్చాక కదలొద్దు, ఇప్పుడే దరఖాస్తు పెట్టు.

మిద్దెపని:
స్లాబు ఎందుకబ్బా? అది రిపేరా, కొత్త కట్టడమా అని ఆఫీసులో మళ్లీ తకరారు. దూలాలు గట్టిగా ఉంటే పైమట్టి తోడించి, పుచ్చిన దంతెలు (దూలాల మీది అడ్డకర్రలు) మార్చి, చౌడు మన్ను పరిపించు. దానికీ అనుమతి రాసుకో. చౌడు బాగా పడితే నీళ్లు కిందికి దిగవు. ఏటా వానల ముందు చౌడు వేయడం మానేసి, కారగానే మిద్దెను తిడతారు మనోళ్లు. గవాచి (వెలుతురు కోసం మిద్దెకు పెట్టిన కంత) చుట్టూ చూశావా? ముందు కారేది అక్కడే. గడ్డి మొలిచి ఉంటే వేర్లతో పీకించు.

ఊరోడు:
రాళ్లకున్న రక్షణ మనుషులకు లేదు. అవ్వ గిన్నెలు పెట్టుకుంటే ఎవరికి పట్టింది?

సిద్ధవటం చిన్నోడు:
నీ కోపం నిజమే. అయితే ఆ గుడి ముందు రథం మాదిరి మంటపం ఉంది చూడు, దాని పక్కన మూడంతస్తుల లాడ్జి లేస్తే ఆ రూలు లేదేమని అరిచేది మనమే.

పెన్నగట్టు:
అవ్వ ట్రంకు పెట్టె తెరిచింది. 1979 పన్ను రసీదు దొరికింది. సగం చెదలు తిన్నాయి గానీ సంవత్సరం కనబడుతోంది. గవాచి పక్కన మోకాలెత్తు గడ్డి ఉంది, నిజమే. చౌడు ఇప్పుడు ఎక్కడ దొరుకుతుందన్నా?

మిద్దెపని:
మా ఊరి చెరువు వెనకాల ఉంది. అనుమతి రానీ, ట్రాక్టరు మాట్లాడుకుని రా.